వంటిల్లు దేంట్లో సర్దాలి? అట్టపెట్టెలు, టమాటా క్రేట్లు, గోనె సంచులు, ఇంట్లోని డ్రమ్ములు

ఇల్లు మారేటప్పుడు బట్టలు ఒక పూటలో మూటకట్టేస్తారు. మంచాలు, బీరువాలు హమాలీలు చూసుకుంటారు. పని నిలిచిపోయేది వంటింట్లోనే. ఒక అర ఖాళీ చేస్తే వెనకాల ఇంకో అర కనిపిస్తుంది.

ప్యాకింగ్ సలహాలు చాలామటుకు పింగాణీ ప్లేట్లు, గాజు గ్లాసులు నిండా ఉండే వంటిళ్లను మనసులో పెట్టుకుని చెప్పేవి. కర్నూలు, అనంతపురం, కడప ఇళ్లలో ఉండేది స్టీలు. పగిలే సామానంతా ఏరి పెట్టినా చాలా ఇళ్లలో రెండు పెట్టెలు నిండవు. మనకు నష్టం వేరే దారిలో వస్తుంది. ఊరగాయ నూనె కారి బియ్యం మూటకు పడుతుంది. అల్యూమినియం గిన్నె సొట్టపోతుంది. కుక్కర్ ఒక మూటలో, దాని రబ్బరు ఇంకో మూటలో చేరతాయి. పట్టినంతా కుక్కిన పెట్టెకు మెట్ల మీద అడుగు ఊడుతుంది. కాబట్టి దేంట్లో సర్దాలో తేల్చుకునే ముందు, ఆ వస్తువుకు వచ్చే ప్రమాదం పగలడమా, కారడమా, సొట్టపోవడమా, తప్పిపోవడమా అని చూసుకోవాలి. డబ్బు పెట్టి కొనాల్సిన పెట్టెలు అలా చూస్తే మూడో నాలుగో తేలతాయి. మిగతావన్నీ ఉన్నవాటితోనే గడిచిపోతాయి.

ముందుగా తేల్చుకోవాల్సినవి

మొదటిది దారి. అదే ఊళ్లో నాలుగు వీధుల అవతలికి మారడం ఒక లెక్క, కర్నూలు నుంచి డోన్, గుత్తి మీదుగా అనంతపురానికి దాదాపు 150 కిలోమీటర్లు పోవడం ఇంకో లెక్క. నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా కడపకైతే 200 కిలోమీటర్లు దాటుతుంది. దూరం పోయేకొద్దీ సామాను ఒకదానికొకటి రాసుకుంటుంది. మూతలు వదులయ్యేది ఆ ఒరిపిడికే.

రెండోది మెట్లు. లిఫ్టు లేని రెండో అంతస్తయితే, ఒక మనిషి రెండు చేతులతో ఛాతీకి ఆనించి దించగలిగే బరువుకు మించకూడదు. 15 కిలోలు హద్దు అనుకోండి.

మూడోది కాలం. పిల్లల బడుల వల్ల ఎక్కువమంది మారేది మే నెలలో. అప్పుడు మూడు ఊళ్లలోనూ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. టార్పాలిన్ కింద నెయ్యి కరుగుతుంది, బెల్లం కారుతుంది, నాసిరకం టేపు జిగురు వదిలేస్తుంది. సెప్టెంబరు, అక్టోబరుల్లో అయితే వానతో ఇబ్బంది. తడిసిన అట్టపెట్టె బరువు మోయదు.

నాలుగోది ఎక్కువమంది మరిచిపోయేది: కొత్త ఇంటి అరలు. అద్దె ఇళ్లలో చాలాచోట్ల తలుపుల్లేని కడప బండల అరలే ఉంటాయి. ఖాళీ ఇల్లు చూడటానికి పోయినప్పుడే టేపు పట్టి బండకూ బండకూ మధ్య ఎత్తు కొలవండి. మీ పెద్ద డబ్బా ఎత్తు 16 అంగుళాలు, అర ఎత్తు 14 అయితే ఆ డబ్బా హాల్లో కాపురం పెడుతుంది. అంత దూరం మోసుకుపోవాలా వద్దా అన్నది ఇక్కడే తేల్చుకోవచ్చు.

| దేంట్లో | దేనికి బాగుంటుంది | దేనికి వద్దు | బరువు హద్దు |
|---|---|---|---|
| కొత్త అట్టపెట్టె (ఐదు పొరలది) | గాజు, పింగాణీ, మిక్సీ జార్లు | ఊరగాయలు, నూనె | 15 కిలోలు |
| షాపుల నుంచి తెచ్చిన పాత పెట్టె | తేలికవి, ప్లాస్టిక్, గ్లాసులు | బరువైన స్టీలు | 8 కిలోలు |
| టమాటా క్రేటు | నిండు డబ్బాలు, సీసాలు, జాడీలు | దుమ్ము పడకూడనివి | 20 కిలోలు, ఇద్దరు పట్టుకుని |
| గోనె సంచి | మందపాటి స్టీలు, ఇత్తడి బోకులు | అల్యూమినియం, నాన్‌స్టిక్, కత్తులు | 20 కిలోలు |
| ఇంట్లోని డ్రమ్ములు, గుండిగలు | చిన్న గిన్నెలు, తువ్వాళ్లు, పొట్లాలు | బియ్యం, నూనె | 12 కిలోలు |

అట్టపెట్టెలు

కొత్తవి కొనేటట్టయితే మూడు పొరలవి, ఐదు పొరలవి ఉంటాయి. వంటింటికి ఐదు పొరలవే తీసుకోండి. పెద్ద సైజుకు ఆశపడకండి. వంటసామాను బరువు. పెద్ద పెట్టె కనిపిస్తే నిండా వేయకుండా చెయ్యి ఆగదు, ఆపైన లేపలేరు. పొడవు 18, వెడల్పు 12, ఎత్తు 12 అంగుళాల పెట్టె చాలు.

పెట్టె అడుగున రెక్కలు కలిసే గీత మీద రెండంగుళాల టేపు ఒక్కసారి వేసి వదిలేస్తే చాలదు. గీత పొడుగునా రెండు వరసలు, అడ్డంగా రెండు చివరలా ఒక్కో వరస వేయాలి. ప్రతి వరసా పక్కగోడల మీదికి నాలుగంగుళాలు ఎక్కాలి. అడుగు ఊడే పెట్టెల్లో టేపు తెగదు, పక్కకు ఎక్కించని చోట జిగురు లేచిపోతుంది.

ఉండలు చుట్టిన పాత పేపర్లు రెండంగుళాల మందాన అడుగున పరవండి. పింగాణీ ప్లేట్లను ఒకదానిమీద ఒకటి పడుకోబెట్టొద్దు. పుస్తకాల్లాగా నిలబెట్టండి. పడుకోబెడితే కింది ప్లేటు మీద పైవాటి బరువంతా పడుతుంది, గుంతలో బండి ఎగిరితే మొదట పోయేది అదే. గాజు గ్లాసు అంచు పలచన కాబట్టి బోర్లించాలి. అన్నీ పెట్టాక మూత మూయకుండా పెట్టెను మెల్లగా ఊపండి. గలగలమంటే సందు మిగిలినట్టే, ఇంకాస్త కాగితం కుక్కండి.

పాత పెట్టెల్లో గ్లాసులకు బంగారంలాంటిది వైన్ షాపు పెట్టె. ముప్పావు లీటరు సీసాల పెట్టెలో పన్నెండు గళ్లు ఉంటాయి. ఒక్కో గ్లాసును ఒక్కో పేపరులో చుట్టి గడిలో బోర్లిస్తే చాలు, మధ్యలో వేరే అడ్డాలు అక్కర్లేదు. గళ్ల అట్ట తీసేయకుండా ఇవ్వమని ముందే అడగాలి. కిరాణా షాపు పెట్టెలు ఊరికే వస్తాయి గానీ మూలలు అప్పటికే మెత్తబడి ఉంటాయి. సబ్బుల పెట్టెలో పప్పు, టీపొడి పెట్టకండి, ఆ వాసన వారమైనా పోదు.

టమాటా క్రేట్లు

కక్కలపల్లి మార్కెట్ దగ్గరలో ఉన్న అనంతపురం వాళ్లకు ఈ క్రేట్లు కొత్తేమీ కాదు. తెలిసిన మండీ వాళ్లో, కూరగాయల వ్యాపారులో ఉంటే రెండు రోజులకు బాడుగకు అడగండి. ఈ పనికి ఇంతకన్నా మంచి పెట్టె లేదని మా అభిప్రాయం. అడుగు ఊడదు, తడిసినా నష్టం లేదు, ఒకదానిమీద ఒకటి గట్టిగా కూర్చుంటుంది, లోపల ఏముందో పక్క సందుల్లోంచి కనిపిస్తుంది.

లోపాలూ ఉన్నాయి. మార్కెట్ నుంచి వచ్చిన క్రేటులో ఎండిన టమాటా రసం, మట్టి ఉంటాయి. సబ్బునీళ్లతో కడిగి ఎండలో ఆరబెట్టాలి. లేకపోతే బొద్దింకల్ని మనమే కొత్తింటికి తీసుకుపోయినట్టు. సందుల్లోంచి దుమ్ము పడుతుంది కాబట్టి లోపల పాత దుప్పటి పరిచి, నింపాక అంచులు పైకి మడవండి.

క్రేటు అసలు పని నిండు డబ్బాలు మోయడం. కందిబేళ్లు, ఉద్దిబేళ్లు, రాగిపిండి ఉన్న స్టీలు డబ్బాలను ఖాళీ చేసి మూటలు కట్టాలా, అలాగే పెట్టాలా అని చాలామంది తటపటాయిస్తారు. రెండు కిలోల లోపు డబ్బాలు నిండుగానే పోనివ్వండి. మూత తీసి, మూతి మీద పాలిథిన్ కవరు ముక్క పరిచి, దానిమీద మూత నొక్కి, చుట్టూ రబ్బరుబ్యాండు వేయండి. కవరు పట్టు ఇస్తుంది, మూత జారదు. రబ్బరుబ్యాండు పట్టని పెద్ద డబ్బాకు టేపు చుట్టొచ్చు. తర్వాత అంటుకున్న జిగురు మీద నూనె రాసి పది నిమిషాలాగితే ఊడొస్తుంది. రెండు కిలోలు దాటిన డబ్బాల్లో సరుకును కవర్లలోకి తీసేయడమే మంచిది. బరువెక్కువైతే కుదుపుకు మూత లేస్తుంది. పోపుల పెట్టెకైతే లోపలి చిన్న గిన్నెల మీద కూడా కవరు పరచాలి. జీలకర్ర, ఆవాలు, పసుపు కలిసిపోతే ఏరడానికి ఎవరికీ ఓపిక ఉండదు.

గోనె సంచులు

గోనె సంచిని తక్కువగా చూడొద్దు. ఇత్తడి బిందెలు, మందపాటి స్టీలు తపేలాలు, కుక్కర్లు, తట్టలు, చెంబులు దీంట్లో పోతే హమాలీకి భుజాన వేసుకోవడం సులువు. పెట్టెకన్నా తొందరగా బండెక్కుతుంది.

అల్యూమినియం సట్టి, నాన్‌స్టిక్ పెనం మాత్రం దీంట్లో వేయకండి. సంచిని కింద పెట్టేటప్పుడు దబ్బున వదులుతారు. ఆ దెబ్బకు పలచటి అంచులు వంగుతాయి, తర్వాత మూత కూర్చోదు. నాన్‌స్టిక్ పూత మీద స్టీలు అంచు రాసుకుంటే గీతే. ఈలపీట అసలే వద్దు. కత్తి మడిచి, అట్టముక్క చుట్టి, పురికొసతో బిగించి, వేరేగా చేత్తో పట్టుకుపోవాలి. సంచిలోంచి మొన బయటికొచ్చిందంటే మోసేవాడి భుజానికి దిగుతుంది.

బియ్యం వచ్చిన 25 కిలోల ప్లాస్టిక్ సంచులు గోనెకన్నా శుభ్రంగా ఉంటాయి, కానీ జారతాయి. ఉల్లిగడ్డల వల సంచుల్లో ప్లాస్టిక్ డబ్బాలు, జల్లెడలు, చేటలు వేసి బండిలో అన్నిటికన్నా పైన కట్టేయొచ్చు.

ఇంట్లో ఉన్నవే పెట్టెలు

డ్రమ్ములు, గుండిగలు, ఇడ్లీ కుక్కరు, స్టీలు బిందెలు ఖాళీగా పోతే బండిలో మీరు డబ్బు కడుతున్న జాగాలో గాలిని మోసినట్టే. కాబట్టి పెట్టెలు కొనే ముందు ఇవి నింపండి.

పెద్దదాంట్లో మధ్యది, దాంట్లో చిన్నది, ప్రతి రెండిటి మధ్యా పాత చీర ముక్క. గుడ్డ లేకుండా బిగిస్తే ఎండకు, ఒత్తిడికి రెండు స్టీలు గిన్నెలు కరుచుకుపోయి విడిపోవు. మూతను తిరగేసి పెట్టండి. పిడి లోపలికి పోతుంది, పైభాగం సమంగా ఉంటుంది, దానిమీద ఇంకో గిన్నె కూర్చుంటుంది. ఏ గిన్నె మూత ఆ గిన్నెతోనే పోవాలి. మూతలన్నీ ఒక మూట కడితే కొత్తింట్లో జతలు కలపడానికే ఒక పూట పోతుంది. కుక్కర్ రబ్బరు, విజిల్ ఒక కవరులో వేసి కుక్కర్ లోపలే ఉంచండి.

బియ్యం డ్రమ్ములో బియ్యం అలాగే ఉంచి మోయిద్దామనుకునేవాళ్లున్నారు. వద్దు. 40 కిలోల బియ్యంతో ఎత్తితే పక్క కడియాలకు వేసిన అతుకులు లేస్తాయి, అడుగు అంచు కింద కొట్టుకుంటే వంగి డ్రమ్ము ఊగులాడుతుంది. బియ్యం సంచిలోనే పోవాలి. డ్రమ్ములో టీపొడి, అప్పడాలు, ఊరమిరపకాయలు, వడియాలు, వంటింటి తువ్వాళ్లు పెట్టుకోండి.

ఎవరికి ఏది

అదే ఊళ్లో మారుతూ, రెండిళ్ల తాళాలూ రెండు మూడు రోజులు చేతిలో ఉన్నవాళ్లు పెట్టెలు కొనకండి. ఆరేడు క్రేట్లు చాలు. నింపి తీసుకుపోయి, అక్కడే అరల్లో సర్ది, ఖాళీ క్రేట్లు వెనక్కి తెచ్చుకుంటే వంటిల్లు సర్దడం, విప్పడం ఒకేసారి అయిపోతాయి. పగిలేవి ఆటోలో ఒళ్లో పెట్టుకుని పోవచ్చు.

ఊరు మారేవాళ్లకు క్రేట్లు వెనక్కి ఇవ్వడం కుదరదు. బాడుగ కన్నా మళ్లీ పంపించే ఖర్చు ఎక్కువవుతుంది. వాళ్లు గాజుకు, మిక్సీకి మూడు నాలుగు మంచి అట్టపెట్టెలు కొని, స్టీలంతా డ్రమ్ముల్లో, గోనెల్లో వేసుకోవాలి. జాడీల కోసం రెండు క్రేట్లు సొంతంగా కొన్నా దండగ కాదు, తర్వాత ఉల్లిగడ్డలకు పనికొస్తాయి. బండి ఎంపికలో ఒక మాట. టాటా ఏస్ లాంటి చిన్న బండి మోసేది సుమారు ముప్పావు టన్ను. మంచాలు, బీరువా, ఫ్రిజ్ ఎక్కాక వంటింటి సామాను దాని నెత్తి మీదికి పోతుంది. నలుగురున్న ఇంటికి ఊరు దాటేటప్పుడు పికప్ బండి మాట్లాడుకుంటే నయం.

ఒక్కరో ఇద్దరో ఉండే గదికి ఇంత ఆలోచన అక్కర్లేదు. ఒక గోనె సంచి, ఒక అట్టపెట్టె, ఒక బకెట్టు. బకెట్టులో గ్లాసులు, తువ్వాళ్లు.

ప్యాకర్లకు అప్పగించాలనుకుంటే వాళ్ల పని వేగం, గాజుకు చుట్టడం బాగా చేస్తారు. కానీ కారే సరుకు మీద వాళ్లకు శ్రద్ధ ఉండదు, గ్యాస్ సిలిండర్ మామూలుగా ఎక్కించుకోరు. ఏ పెట్టెలో ఏముందో రాయించుకోకపోతే అన్నింటి మీదా ‘కిచెన్’ అని ఒకే మాట ఉంటుంది. ఇంట్లో పెద్దవాళ్లు మాత్రమే ఉన్నా, రోజు సెలవు దొరకకపోయినా వాళ్లకిచ్చేయండి. అయితే ఊరగాయలు, పోపుల పెట్టె, పూజ సామాను మీరే సర్దుకోండి.

దేంట్లో సర్దినా తప్పని జాగ్రత్తలు

ఊరగాయ ముందుగా. జాడీ మూత గాలి పోకుండా పట్టే రకం కాదు, కేవలం బరువుకు కూర్చుంటుంది. ఊరు దాటుతుంటే ఊరగాయను గాజు సీసాల్లోకి గానీ, తినే సరుకు పెట్టే మందపాటి ప్లాస్టిక్ డబ్బాల్లోకి గానీ మార్చండి. స్టీలు వద్దు, ఉప్పూ పులుపూ కలిసి మచ్చలు తెస్తాయి. సీసా కడిగి రోజంతా ఎండబెట్టాలి, గరిటెకు చెమ్మ ఉండకూడదు. ఒక్క చుక్క నీళ్లు చాలు బూజు పట్టడానికి. మెడ దాకా నింపకుండా రెండంగుళాలు వదలండి, ఎండకు నూనె పొంగుతుంది. మూతి మీద రెండు మడతల పాలిథిన్ వేసి, దారంతో బిగించి, ఆపైన మూత తిప్పండి. సీసాను ఇంకో కవరులో పెట్టి క్రేటులో నిలబెట్టండి. ఖాళీ జాడీకి లోపల కాగితం కుక్కి, బయట గోనె చుట్టండి. ఊళ్లోనే మారేవాళ్లు జాడీ మార్చనక్కర్లేదు, మూతి కట్టి చేత్తో పట్టుకుపోతే చాలు.

వెట్ గ్రైండర్‌లో రాళ్లు తీయకుండా ఎక్కిస్తే కుదుపులకు రాయి ఎగిరి మధ్య కడ్డీ వంగుతుంది. రాళ్లు తీసి, కడిగి, ఆరబెట్టి, వేరేగా చుట్టండి. రుబ్బురోలు, రోలు ఉంటే బండిలో అన్నిటికన్నా ముందు, డ్రైవరు క్యాబిన్‌కు ఆనించి, మడిచిన గోనె మీద. గుండు వేరే. రోకలి, సంగటి కట్టె, పొడుగు గంటెలు కలిపి ఒక కట్ట.

ఫ్రిజ్‌ను ముందురోజు రాత్రే ఆపి, తలుపు కొంచెం తెరిచి పెట్టి, నీళ్లు తుడవాలి. నిలబెట్టే తీసుకుపోవాలి. దారిలో పడుకోబెట్టాల్సి వస్తే దించాక ఒక రోజు ఆగి ఆన్ చేయండి. కంప్రెసర్‌లోని ఆయిల్ గొట్టాల్లోకి పోయి ఉంటుంది, అది వెనక్కి దిగాలి.

గ్యాస్ విషయంలో ఊళ్లోనే మారితే సిలిండరు మీతోనే వస్తుంది, ఏజెన్సీలో చిరునామా మార్పించాలి. ఊరు మారితే సిలిండరు, రెగ్యులేటరు పాత ఏజెన్సీకి అప్పగించి, డిపాజిట్టు, బదిలీ కాగితం తీసుకోవాలి. కొత్త ఊళ్లో అప్పటి రేటు ప్రకారం డిపాజిట్టు కట్టాలి. స్టవ్ మాత్రం మీ సొంతం, దాన్ని అప్పగించనక్కర్లేదు. ఈ గ్యాస్ బదిలీ బండి వచ్చేరోజు కాదు, వారం ముందు మొదలుపెట్టాల్సిన పని. సిలిండరు మోసేటప్పుడు వాల్వు మీద సేఫ్టీ క్యాప్ పెట్టి నిలబెట్టండి. నిండు సిలిండరు సుమారు 30 కిలోలు. రబ్బరు పైపు మీద తేదీ చూసి, ఐదేళ్లు దాటితే కొత్తది వేయించండి. బిగించాక సబ్బునీళ్లు రాసి బుడగలు వస్తున్నాయేమో చూడాలి.

సరుకుల సంగతి: మూడు వారాల ముందు నుంచే కొత్తగా తేవడం ఆపండి. తెరిచిన నూనె డబ్బాను డబ్బాగా మోయించొద్దు, మూత బిగుసుకునే క్యానులోకి పోయండి. పిండ్లు ముందు అయిపోనివ్వండి. రాగులు, కొర్రలు, బుడ్డలు లాంటి గింజలు మూటల్లో ఎంత దూరమైనా పోతాయి.

బండెక్కని సంచి

కొత్తింట్లో మొదట పాలు పొంగించాలి. ఆ గిన్నె, పాలు, బియ్యం, బెల్లం, ఉప్పు, పసుపు కుంకుమ, అగ్గిపెట్టె, లైటరు ఒక సంచిలో వేసి మీ చేతిలో ఉంచుకోండి. ముహూర్తం తెల్లవారుజామునైతే బండి అప్పటికి బయల్దేరి కూడా ఉండదు. అదే సంచిలో నాలుగు తట్టలు, నాలుగు గ్లాసులు, ఒక చాకు, టీపొడి, చక్కెర, గిన్నెలు తోమే సబ్బు, పీచు. స్టవ్‌ను ఆఖర్న ఎక్కించి మొదట దించండి. బర్నర్లు, వాటి మీది కడ్డీలు ఊడదీసి వేరే కవరులో వేయాలి. అవి ఏ పెట్టెలోనో పడితే స్టవ్ ఉండీ లేనట్టే.

ఊరగాయ సీసాలు దించిన రోజే జాడీల్లోకి మార్చకండి. దారిలో కుదుపుకు కారం, నూనె కలిసి ఉంటాయి. రెండు రోజులు కదపకుండా ఉంచి, నూనె పైకి తేలాక చూడండి. ముక్కలు మునిగేంత లేకపోతే శనగనూనె కాచి, పూర్తిగా చల్లార్చి పోసి, అప్పుడు జాడీకెత్తండి.